ఎర్రతేలు విషం: నొప్పి తగ్గినా ముప్పు తగ్గదు

పొయ్యి రాజేద్దామని పిడకల గుట్టలో చెయ్యి పెట్టిన మా పిన్నిని తేలు కుట్టింది. మంత్రం వేసే పెద్దాయన వచ్చి వేపమండతో దిగదుడిచి వెళ్లాడు. గంటన్నరకు నొప్పి తగ్గింది, ఇంట్లోవాళ్లం కుదుటపడ్డాం. రాత్రి పదింటికి ఆమె జాకెట్ చెమటకి తడిసి ముద్దయింది. చేతులు పట్టుకుంటే మాత్రం మంచుగడ్డల్లా ఉన్నాయి. ఆటోలో పట్టణం చేరేసరికి ఆయాసం మొదలైంది. అదృష్టం బాగుండి బతికింది. ఆ చల్లటి చేతుల సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత, నరాల్లోని సోడియం చానెళ్ల గురించి చదివినప్పుడు గానీ అర్థం కాలేదు.

విశ్రాంతిగా ఉన్న నరకణం లోపల వోల్టేజీ సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. సోడియం లోపలికంటే బయట పది రెట్లకు పైగా ఎక్కువ. కణం పొరలో ఉండే సోడియం చానెల్ ఒక పెద్ద ప్రొటీన్. దాని నాలుగు భాగాలూ గుండ్రంగా చేరి మధ్యలో సన్నటి దారి వదులుతాయి. ప్రతి భాగంలోనూ ధనావేశం ఉన్న ఒక ముక్క ఉంటుంది, వోల్టేజీని పసిగట్టేది అదే. వోల్టేజీ మైనస్ 55 దాకా వచ్చిందంటే ఆ ముక్కలు బయటివైపు జరుగుతాయి, దారి తెరుచుకుంటుంది, సోడియం లోపలికి తోసుకొస్తుంది. ఆ తోపుకి పక్క చానెల్, దాని తర్వాతది... నరం పొడవునా కబురు పరుగెడుతుంది.

పాఠాల్లో ఈ తెరుచుకోవడం గురించే ఎక్కువ చెబుతారు. ప్రాణం నిలిపేది మాత్రం మూసుకోవడమేనని నేనంటాను. తెరుచుకున్న ఒకటి రెండు మిల్లీసెకండ్లలోనే లోపలివైపున్న చిన్న మూత వచ్చి దారికి అడ్డం పడుతుంది. నాలుగో భాగంలోని ముక్క కదిలితేనే ఆ మూత సరిగ్గా పడుతుంది. తెరుచుకోవడం, మూతపడటం వేర్వేరు పనులని హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు 1952లోనే స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద కొలిచి లెక్కగట్టారు.

ఎర్రతేలు విషంలోని కొన్ని ప్రొటీన్లు సరిగ్గా ఆ నాలుగో ముక్కనే పట్టేస్తాయి. మూత ఆలస్యంగా పడుతుంది, సోడియం కారుతూనే ఉంటుంది, నరం ఆగకుండా కబుర్లు పంపుతుంది. ముందు చెమట, వాంతులు, నోట్లో నీళ్లు. ఆపైన అడ్రినలిన్ జాతి రసాయనాలు రక్తంలోకి వరదలా వస్తాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, చేతులు చల్లబడతాయి, గుండె అలిసిపోతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది.

మంత్రం మీద జనానికి నమ్మకం ఎందుకు పోదో కూడా ఇక్కడే తెలుస్తుంది. చూడగానే భయమేసే నల్లటి మండ్రగబ్బ విషం బలహీనం. ఎర్రతేలు కుట్టినా చాలాసార్లు ఒంట్లోకి వెళ్లే విషం తక్కువే. నొప్పి కొన్ని గంటల్లో దానంతటదే తగ్గుతుంది, పేరు మంత్రానికి వస్తుంది. కుట్టినచోట డాక్టరు తిమ్మిరెక్కించడానికి వేసే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ నిజమైన మందే. అది సోడియం చానెల్ దారిలోకే దూరి అడ్డం కూర్చుంటుంది. కానీ తిమ్మిరెక్కేది ఆ వేలు మాత్రమే, రక్తంలో కలిసిన విషాన్ని అది ఏమీ చేయలేదు. ఇంజెక్షన్ వేసి వెంటనే ఇంటికి పంపడం అందుకే తప్పు.

మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావు బావస్కర్ 1980ల్లోనే దారి చూపించారు. బీపీకి వాడే ప్రాజోసిన్ మాత్ర బిగిసిన రక్తనాళాలను వదులు చేస్తుందని గమనించి వాడారు, మరణాలు బాగా తగ్గాయి. దానికి తోడు తేలు విషానికి విరుగుడు కూడా ఇస్తే ఇంకా త్వరగా కోలుకుంటారని 2011లో ఆయన బృందం ప్రచురించిన అధ్యయనంలో తేలింది.

ప్రాజోసిన్ ఖరీదైన మందేమీ కాదు. అయితే బీపీ ఉన్నట్టుండి పడిపోవచ్చు కాబట్టి మనిషిని పడుకోబెట్టి, బీపీ చూస్తూ ఇవ్వాలి, ఇంట్లో వేసుకునేది కాదు. అందుకే తేళ్లున్న ప్రతి మండలంలో రాత్రిపూట ఈ మాత్ర, బీపీ మిషను, వాటి దగ్గర ఒక నర్సు ఉండి తీరాలి. ఆ రాత్రి మా ఆటో మొదట ఆగింది ఆరు కిలోమీటర్ల దూరంలోని పీహెచ్‌సీ ముందు. దానికి తాళం వేసి ఉంది.