పిల్లల ఉత్తరానికి పెద్దాయన జవాబు

అడవుల్నీ సముద్రాల్నీ టీవీలోకి తెచ్చిన డేవిడ్ అటెన్‌బరో గురించి చెప్పుకోవాలంటే చాలా ఉంది. 1952లో బీబీసీలో చేరారు. పళ్లు మరీ పెద్దవిగా ఉన్నాయని మొదట్లో ఆయన్ని కెమెరా ముందుకు రానివ్వలేదు. ఆ మనిషే 1965లో బీబీసీ 2 చానల్ పగ్గాలు పట్టారు, 1979లో ‘లైఫ్ ఆన్ ఎర్త్’ తీశారు. ఇవి ఎలాగూ చరిత్రలో ఉంటాయి. మేం గుర్తుచేయదలచుకున్నది మాత్రం చాలా చిన్న సంగతి. ముక్కూమొహం తెలియని పిల్లలు ఉత్తరం రాసినా, ఆయన స్వయంగా కలం పట్టి జవాబు రాస్తారన్నది. తొంభై దాటాక కూడా ఆ అలవాటు మానలేదు.

ఈమెయిల్ జోలికి పోని మనిషి. 2020 సెప్టెంబరులో ఇన్‌స్టాగ్రామ్‌లో అడుగుపెడితే 4 గంటల 44 నిమిషాల్లో పది లక్షల మంది వచ్చి చేరారు, గిన్నిస్ రికార్డయింది. ఒక్క మాటతో అంతమందిని చేరుకోగలిగే వాడు ఒక్క పిల్ల కోసం కాగితం తీసి, కవరు మీద అడ్రసు రాసుకుంటూ కూర్చోవడం లెక్కప్రకారం చూస్తే దండగ పని. ఆ లెక్క చూడకపోవడంలోనే ఆయన పెద్దరికం ఉంది.

ఈ గుణం ఎక్కణ్నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. తండ్రి లెస్టర్‌లో కాలేజీ ప్రిన్సిపాల్. కుర్రాడు శిలాజాలూ రాళ్లూ పోగేసి సొంతంగా ‘మ్యూజియం’ పెట్టుకున్నాడు. అప్పటికి ఏడేళ్లు. తర్వాతి కాలంలో పురావస్తు పరిశోధకురాలిగా పేరు తెచ్చుకున్న జాక్వెట్టా హాక్స్ ఆ సేకరణను చూసి మెచ్చుకుంది. ‘ఈ చెత్తంతా ఎందుకు తెచ్చావ్’ అనలేదు. అంతే జరిగింది.

ఇప్పుడు మన కొండ దగ్గరికి వద్దాం. శేషాచలం అడవుల్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఇక్కడి రాతి పగుళ్లలో బంగారు బల్లి ఉంటుంది. 1870లోనే బెడ్డోమ్ అనే బ్రిటిష్ అధికారి దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. చీకటి పడ్డాక తిరిగే జీవి. మగదాని ఒళ్లు పసుపు పూసినట్టుంటుంది. కంచికి పోయి గుళ్లో బంగారు బల్లిని ముట్టుకుని దోషం పోగొట్టుకుని వచ్చిన ఇళ్లు మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో లెక్కలేనన్ని. సొంత కొండ మీద ప్రాణాలతో ఉన్నదాన్ని చూసినవాళ్లు ఎందరు? ఒకవేళ ఏ పిల్లాడి కంటో పడి, ‘అవ్వా, ఈ బల్లేంది ఇట్లుంది?’ అని అడిగాడే అనుకుందాం. ‘మీద పడితే దోషంరా, ఇట్లా రా’ అని చెయ్యి పట్టి లాగేస్తుంది. అవ్వను తప్పుపట్టి లాభం లేదు, ఆమెకు తెలిసింది ఆమె చెప్పింది. ఆ పిల్లాడు తర్వాత ఎవర్ని అడగాలి? ఎర్రచందనం సంగతీ అంతే. స్మగ్లర్లు దొరికినప్పుడు పోలీసు వార్తల్లో తప్ప ఆ చెట్టు మాట వినబడదు. అది ఈ కొండల్నీ చుట్టుపక్కల ప్రాంతాన్నీ వదిలి ఎందుకు పోలేదని ఎనిమిదో తరగతి పిల్ల అడిగితే, సిలబస్‌లో లేదు కూర్చోమంటారు.

జవాబు చెప్పగలిగినవాళ్లు ఊళ్లో లేకపోతే సరే అనుకోవచ్చు. కానీ తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, జూ పార్కు ఉంది, అటవీశాఖ ఉంది, ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం ఉంది. ఇంత చదువు ఒకేచోట ఉన్న ఊరు రాయలసీమలో మరొకటి చూపించమనండి! పిల్లలు బస్సుల్లో వచ్చి చూసి, ఫొటోలు దిగి వెళ్తారు. ఇంటికెళ్లాక వచ్చే సందేహానికి మాత్రం తలుపు లేదు.

తెలుగు రేడియోకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసు కేంద్రంలో పిల్లల కార్యక్రమం నడిపి, ఇంటింటి పిల్లలకూ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. ఆ తరం పిల్లలకు మైకు అవతల తమ మాట పట్టించుకునేవాళ్లు ఉన్నారన్న ధైర్యం ఉండేది. ఇప్పటి యాంకర్ల సంగతి వేరే చెప్పాలా?

పిల్లల ఉత్తరాలకు ఈ సంస్థలవాళ్లే జవాబు రాయాలంటాం మేం. ప్రొఫెసర్లకూ అధికారులకూ అంత తీరిక ఎక్కడిది, మీటింగులతోనే టెన్షన్ అంటారు. నిజమే. మేం రోజూ రాయమనడం లేదు. ఒక్కో సంస్థలో ఒకరు, వారానికి ఒక మధ్యాహ్నం, ఒక్కో ఉత్తరానికి నాలుగు వాక్యాలు. ‘నాకూ తెలియదు, కనుక్కుని రాస్తాను’ అన్నా జవాబే. కింద సొంత సంతకం ఉండాలి, రబ్బరు స్టాంపు కాదు. మార్కులు, పోటీలు, సర్టిఫికెట్లు దీంట్లోకి దూర్చొద్దు. వాటిని దూరిస్తే ఉత్తరాలు పిల్లలు రాయరు, వాళ్ల నాన్నలు రాస్తారు.

ఖర్చు పెద్ద సమస్య కాదు. పోస్టుకార్డు యాభై పైసలే. బడి నుంచి నెలకోసారి కట్టగట్టి పంపినా చాలు. జవాబు మాత్రం పిల్లల పేరుతో, ఇంటి అడ్రసుకు వెళ్లాలి. పోస్టుమ్యాన్ వచ్చి పేరు పిలిస్తే ఇంట్లో అందరూ బయటికి వస్తారు, అవ్వతో సహా.

మొదట ముందుకొచ్చే సంస్థ అడ్రసునూ, జవాబులు రాసే వారి పేరునూ మా పిల్లల పేజీలో ప్రతి ఆదివారం ఉచితంగా అచ్చువేస్తాం. మంచి ప్రశ్న, దానికి వచ్చిన జవాబు రెండూ పక్కపక్కనే వేస్తాం. వివరాలు పంపండి.