‘రాను’ అనలేక ‘ఇంట్రోవర్ట్‌ని’ అంటున్నాం

ఇన్‌స్టాగ్రామ్ బయోల్లో కాఫీ, ట్రావెల్, ఫలానా హీరో ఫ్యాన్ వరుసలో ఇప్పుడు ఇంకో మాట చేరింది: ఇంట్రోవర్ట్, అంటే అంతర్ముఖి. మ్యాట్రిమొనీ ప్రొఫైళ్లలో అబ్బాయిలు రాసుకుంటున్నారు, లింక్డ్‌ఇన్‌లో మేనేజర్లు రాసుకుంటున్నారు. పార్టీ క్యాన్సిల్ అయిందని తెలిసి దుప్పట్లో గంతులేసే మనిషి రీల్‌ని ‘ఇది నేనే’ అని ఒకరికొకరు పంపుకుంటున్నారు. పాతికేళ్ల కిందట ఇదే మనిషిని మన ఇళ్లలో ‘నోట్లో నాలుక లేనివాడు’ అనేవాళ్లు. కోపం వస్తే ‘ముంగి’ అనేవాళ్లు. స్పోకెన్ ఇంగ్లిష్‌తో పాటు స్టేజ్ ఫియర్ కూడా పోగొడతామని చెప్పే కోచింగ్ సెంటర్లకు అప్పుడు మంచి గిరాకీ. వదిలించుకోవాల్సిన లోపం అనుకున్నది పేరు పక్కన పెట్టుకునే బిరుదు అయింది.

దీన్ని చూసి కొందరు కొత్త తరం మనుషులకు దూరమైపోతోందని దిగులు పడుతున్నారు. ఇంకొందరు మితభాషులకు ఇన్నాళ్లకు న్యాయం జరిగిందని సంబరపడుతున్నారు. నాకు రెండూ అంత నిజం అనిపించవు. మనుషుల స్వభావాలు ఒక తరంలో ఇంతగా మారవు. పెరిగిందల్లా ఒక అవసరం. పిలిచినచోటికి వెళ్లకుండా, చేసిన ప్రతి ఫోనూ ఎత్తకుండా ఉండటానికి ఎదుటివాళ్లు తప్పుపట్టలేని కారణం ఒకటి కావాలి. ఈ మాట ఆ పని చేసిపెడుతోంది.

మాట పాతదే. స్విట్జర్లాండ్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో తెచ్చిన గ్రంథంతో ఇది ప్రచారంలోకి వచ్చింది. మనిషి ధ్యాస లోపలికి మళ్లుతుందా, బయటి ప్రపంచం వైపు మళ్లుతుందా అన్నది ఆయన చూసిన విషయం. ఎంత మాట్లాడతాడన్న లెక్క తర్వాతది. 1960ల్లో లండన్‌లో మనస్తత్వవేత్త హన్స్ ఐజెంక్ దీనికి మెదడులో కారణం వెతికాడు. ఇంట్రోవర్టుల మెదడు మామూలుగానే ఎక్కువ ఉత్తేజంతో ఉంటుందని, అందుకే కాస్త సందడి కూడా వాళ్లకు ఎక్కువవుతుందని అన్నాడు. ఆ తేడా పట్టుకోవడానికి నాలుక మీద నిమ్మరసం చుక్క వేసి ఎవరికి ఎంత లాలాజలం ఊరుతుందో కొలిచే పరీక్షలూ జరిగాయి. మన రీల్స్ వాళ్లకు అదింకా దొరికినట్టు లేదు.

ల్యాబుల్లో ఇవి నడుస్తుండగా అమెరికా సమాజం మాత్రం కలుపుగోలు మనిషికే పట్టం కట్టింది. అమ్మకాల ప్రపంచం అది. నవ్వుతూ పలకరించి నలుగురినీ ఆకట్టుకునేవాడే పైకొస్తాడని 1936లో డేల్ కార్నెగీ రాసిన పుస్తకం లక్షలకు లక్షలు అమ్ముడుపోయింది. ఆ గాలి 1990ల నాటికి మన దగ్గర వ్యక్తిత్వ వికాసం పేరుతో బాగా వీచింది. తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, వాటితో క్యాంపస్ సెలక్షన్లు, వాటికోసం ఇంజనీరింగ్ కాలేజీల్లో సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) క్లాసులు. రోజంతా స్క్రీన్ ముందు ఒంటరిగా కూర్చుని కోడ్ రాయాల్సిన ఉద్యోగానికి, గ్రూప్ డిస్కషన్‌లో ఎవరు ముందు నోరు విప్పారో చూసి మనుషుల్ని ఏరారు. ఈ తమాషా మీద మనవాళ్లు పెద్దగా జోకులు వేసుకోలేదెందుకో.

ఎదురుగాలి కూడా అమెరికా నుంచే వచ్చింది. 2003 మార్చిలో ‘ది అట్లాంటిక్’ పత్రికలో జొనాథన్ రాష్ అనే జర్నలిస్టు, మా మానాన మమ్మల్ని వదిలేయండి అని సరదాగా ఒక చిన్న వ్యాసం రాశాడు. అది ఇంటర్నెట్‌లో చేతులు మారుతూ ఏళ్ల తరబడి తిరిగింది. 2012లో సూసన్ కేన్ అనే మాజీ లాయర్ ఇదే అంశం మీద రాసిన పుస్తకం, అదే ఏడాది టెడ్ అనే ప్రసంగాల వేదిక మీద ఆమె చేసిన ప్రసంగం ఆ చిన్న అలని ఉప్పెన చేశాయి. ఆ వీడియోని కోట్లమంది చూశారు. నిశ్శబ్దం తరఫున ప్రపంచంలో అందరికన్నా గట్టిగా వినిపించిన వాదన స్టేజ్ ఎక్కి మైకు పెట్టుకుని చేసిందే కావడం కాస్త నవ్వు తెప్పిస్తుంది. కానీ ఆమె చెప్పింది సబబైన మాట. బడుల్లో, ఆఫీసుల్లో గుంపు పనిని పవిత్రం చేసి, ఒంటరిగా ఆలోచించేవాళ్లను వెనక్కి నెట్టారని ఆమె ఫిర్యాదు.

అలాంటి వాదన సోషల్ మీడియాలో ఎందుకు అంత బాగా పట్టిందంటే, గదిలో ఓడిపోయేవాడు టైపింగ్‌లో గెలుస్తాడు. గదిలో గొంతు పెద్దదున్నవాడిదే రాజ్యం. వాక్యం రాసి, చెరిపి, మళ్లీ రాసి పంపే చోట ఆలోచించుకోవడానికి టైమ్ దొరుకుతుంది. ఎవరూ మధ్యలో అందుకోరు. ఇన్నాళ్లూ ఒకరికొకరు తెలియని మనుషులు అక్కడ కలిశారు, ‘నాకూ అంతే’ అనుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, ఇంట్లో ఉండటమే సమాజ సేవ అని ప్రభుత్వమే చెప్పేసరికి ఈ జోకులకు అధికారిక ముద్ర కూడా పడింది.

ఇక్కడివరకు నాకు పేచీ లేదు. ‘మీరు ఇంట్రోవర్టా? ఈ పది లక్షణాలు చూసుకోండి’ రకం పోస్టులతోనే తంటా. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన విద్యార్థులు 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లకు కాగితం మీద ఇచ్చాడు. ఎంత కరెక్టుగా ఉందో అయిదుకి మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తర్వాత తేలిందేమంటే అందరి కాగితాల్లోనూ ఒకటే రాసి ఉంది, అదీ చాలావరకు జాతకాల పుస్తకంలోంచి ఎత్తింది. ‘మీరు కొన్నిసార్లు అందరితో కలిసిపోతారు, కొన్నిసార్లు మీలో మీరు ఉండిపోతారు’ తరహా వాక్యాలు ఎవరికి సరిపోవు? ఎక్కువమందికి సరిపోయే పోస్టునే ఎక్కువమంది షేర్ చేస్తారు, షేర్ అయిన దాన్నే యాప్ ఇంకా నలుగురికి చూపిస్తుంది. ఇంకేముంది, దేశంలో సగం మంది ఇంట్రోవర్టులని తేలుతుంది.

మనిషి స్వభావాన్ని నాలుగు ఇంగ్లిష్ అక్షరాల్లో చెప్పే మైయర్స్-బ్రిగ్స్ టెస్టుదీ ఇదే గొడవ. దాన్ని తయారుచేసిన తల్లీకూతుళ్లు కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మైయర్స్ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవాళ్లు కాదు. యుంగ్‌ని చదివి ముచ్చటపడి, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎవరికి ఏ ఉద్యోగం నప్పుతుందో చెప్పడానికి ఆ ప్రశ్నావళి అల్లారు. మనిషిని అటో ఇటో ఒక గడిలో వేయడం దాని పద్ధతి. గీతకు దగ్గరగా ఉన్నవాళ్లు కొన్ని వారాలకు మళ్లీ రాస్తే వేరే గడిలో పడుతుంటారు. ఈ కాలపు పరిశోధకులు ఎక్కువగా నమ్మే కొలతల్లో గడులుండవు. ఇది ఎత్తు లాంటిది, పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ కొందరే, తక్కినవాళ్లంతా మధ్యలో ఉంటారు. 2013లో అమెరికా మనస్తత్వవేత్త ఆడమ్ గ్రాంట్ 340 మంది సేల్స్ ఉద్యోగుల మీద చేసిన అధ్యయనంలో ఎక్కువ ఆదాయం తెచ్చింది కూడా ఈ మధ్యస్థులే. కానీ ‘నేను మధ్యరకం’ అని బయోలో ఎవరు రాసుకుంటారు?

ఇంతకన్నా నష్టం చేసే కలగాపులగం ఇంకొకటి ఉంది. మనుషుల మధ్య ఉంటే అలసిపోవడం వేరు, మనుషులంటే భయపడటం వేరు. వైవా అనగానే చేతులు చల్లబడి కాలేజీ ఎగ్గొట్టే అమ్మాయి, షాపువాడిని చిల్లర అడగలేక వదిలేసి వచ్చే కుర్రాడు, రాత్రంతా ‘నేనలా ఎందుకు అన్నాను’ అని దొర్లేవాళ్లు పడేది స్వభావం బాధ కాకపోవచ్చు. దాన్ని సోషల్ యాంగ్జయిటీ అంటారు. 1980లో అమెరికా మనోవైద్యుల రోగ నిర్ధారణ గ్రంథంలో సోషల్ ఫోబియా పేరుతో చేరింది. దానికి మాటలతో చేసే చికిత్స ఉంది, అవసరమైతే మందులున్నాయి. మన ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు (ఫోన్ చేయడమే భయమైన జబ్బుకి ఫోన్ నంబరు ఇవ్వడం ఎలాంటిదో నాకూ తెలుసు). ఇలాంటివాళ్లకు ‘నువ్వు ఇంట్రోవర్ట్‌వి, అదే నీ సూపర్ పవర్’ అని చెప్పే రీల్ ఆ పూటకు ఊరటనిస్తుంది, డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజును ఇంకాస్త వెనక్కి జరుపుతుంది.

ఇప్పుడు మన ఇళ్లలోకి వద్దాం. ‘రాను, నాకు రావాలని లేదు’ అన్న మాటకు మన బంధుత్వాల్లో చోటు లేదు. బారసాల, ఓణీల ఫంక్షన్, గృహప్రవేశం, పెళ్లి, షష్టిపూర్తి, వీటిలో దేనికీ సరదా కోసం వెళ్లం, లెక్క కోసం వెళ్తాం. పెళ్లి పందిట్లో ఒక మూల కూర్చుని చదివింపులు రాసే పెద్దాయన పుస్తకంలో ఎవరెంత ఇచ్చారో ఉంటుంది. ఎవరు రాలేదో కూడా అదే పుస్తకం చెబుతుంది. ఆ పుస్తకం బీరువాలో ఏళ్లపాటు ఉంటుంది, ఇచ్చినవాళ్ల ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడు తీసి చూసి దానికి తగ్గట్టు చదివిస్తారు. మనం నలుగురి ఇళ్లకు వెళ్తేనే మన ఇంటికి నలుగురూ వస్తారని అమ్మ అనేది ఊరికే కాదు. అప్పు పుట్టడం, సంబంధం కుదరడం, అర్ధరాత్రి ఆసుపత్రికి తోడు రావడం, ఇవన్నీ ఆ నలుగురి చేతుల్లోనే ఉండేవి. ఆ లెక్కలో రాకపోవడానికి చెల్లే కారణాలు రెండే: ఒంట్లో బాగాలేదు, లేదా పరీక్షలున్నాయి.

మూడో కారణాన్ని ఇంటర్నెట్ ఇచ్చింది. ‘వాడు ఇంట్రోవర్ట్ అత్తా, పార్టీలవీ పడవు’ అంటే అందులో ఇష్టం లేదన్న మాట లేదు, ఎవరినీ చిన్నబుచ్చినట్టు లేదు. ఆవకాయ పడదన్నట్టు ఉంది. ఒంటి తత్వం, ఎవరేం చేస్తారు. ఇంగ్లిష్ మాట కావడం వల్ల దానికి కాస్త డాక్టర్ చీటీ బరువు కూడా వచ్చింది. జీతం నెలనెలా అకౌంట్లో పడుతూ, ఆరోగ్య బీమా ఉండి, అపార్ట్‌మెంట్‌లో బతికేవాడికి చదివింపుల పుస్తకంతో అంత పని లేదు కూడా. కొడుకు రాకపోయినా తల్లిదండ్రులు వెళ్లి హాజరు వేయించుకుంటారు. వాడి నిశ్శబ్దానికి అయ్యే ఖర్చు వాళ్లు కడుతున్నారన్నమాట.

ఆ ఇంటి కోడలు ఇదే మాట అనగలదా? చుట్టాలు హాల్లో ఉండగా గదిలో తలుపేసుకుంటే ఆమెకు వచ్చే బిరుదు ‘పొగరు’. మాటకారితనం లేని పెళ్లికూతురిని బుద్ధిమంతురాలని మెచ్చుకున్న నోళ్లే, పెళ్లయ్యాక ‘ఎవరితో కలవదు’ అంటాయి. బయట కూడా అంతే. మెడికల్ రెప్, ఇంటింటికీ తిరిగే ఆశా వర్కర్, చీరల షాపులో రోజుకు వంద మడతలు విప్పి చూపించే అమ్మాయి, వీళ్లలో మితభాషులు లేరా? ఉంటారు. వాళ్ల కడుపు మాటలతో నిండాలి. ‘తలుపు దగ్గర పెట్టి వెళ్లండి, బెల్ కొట్టొద్దు’ అని మనం యాప్‌లో నొక్కిన ప్రతిసారీ, అడ్రస్ దొరక్క సెక్యూరిటీ గార్డుతోనూ పక్క ఫ్లాటువాళ్లతోనూ మాట్లాడుకునేది ఆ డెలివరీ కుర్రాడే. మన ఏకాంతం కోసం ఇంకొకరు మాట్లాడుతున్నారు.

ఇక ఆఫీసులు. నాకు తెలిసినవాళ్లలో తాము ఇంట్రోవర్టులమని ఈ మధ్యే కనిపెట్టుకున్నవాళ్లు చాలామంది కాలేజీ రోజుల్లో క్యాంటీన్‌ని దడదడలాడించినవాళ్లు. వాళ్ల స్వభావం మారిందని నమ్మడం నాకు కష్టం. పొద్దున స్టాండప్ మీటింగ్, మధ్యాహ్నం క్లయింట్ కాల్, రాత్రి అమెరికా టైమ్‌కి ఇంకో కాల్, మధ్యలో గచ్చిబౌలి ట్రాఫిక్. శుక్రవారం సాయంత్రానికి ఎవరితోనూ మాట్లాడాలనిపించదంటే అది పని పిండేయడం. దాన్ని స్వభావం అని పేరు పెట్టుకుంటే, పనిగంటల గురించి అడగాల్సిన ప్రశ్న మన వ్యక్తిత్వం ఖాతాలోకి మారిపోతుంది. కంపెనీకి ఇంతకన్నా చవక ఏముంటుంది? పైసా ఖర్చు లేకుండా ఇంట్రోవర్టులను గౌరవిస్తామని ఒక పోస్టు పెట్టేస్తుంది.

పరిశోధనలు ఏ వర్గానికీ పూర్తిగా కలిసిరావు. 2013లో కెనడాలో జాన్ జెలెన్‌స్కీ బృందం చూసిందేమంటే, నలుగురిలో చురుగ్గా మెలగమంటే అది ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఇంట్రోవర్టులు ముందే ఎక్కువ చేసి ఊహించుకుంటారు, తీరా చేశాక అనుకున్నదానికన్నా బాగానే ఉంటుంది. సరే, అయితే అందరినీ బలవంతాన తోసేద్దామా అంటే, 2019లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు వారం రోజులపాటు జనాన్ని అలా మెలగమన్నారు. సగటున మనుషుల ఉల్లాసం పెరిగింది, బాగా ఇంట్రోవర్టులైనవాళ్లకు మాత్రం ఆ లాభం అంతగా దక్కలేదు. పైగా అలసట, నటిస్తున్నామన్న బాధ మిగిలాయి. ఒక గంట కలవడం వేరు, వారమంతా వేషం కట్టడం వేరు. మన పెళ్లిళ్లకు, మన ఆఫీసులకు ఈ తేడా తెలియదు. పిలిస్తే మూడు రోజులుండాలి, మీటింగ్ అంటే మైకు ఆన్‌లో ఉండాలి.

ఆఫీసులు నిజంగా ఏమైనా చేయాలనుకుంటే పెద్ద సిద్ధాంతాలు అక్కర్లేదు. మీటింగ్‌లో ఏం మాట్లాడతారో ముందురోజు పంపొచ్చు, అభిప్రాయాలు రాసి ఇచ్చే వీలు పెట్టొచ్చు, ఫ్రెషర్లను గ్రూప్ డిస్కషన్‌తో కాక పనితో పరీక్షించొచ్చు. రాత్రి పది తర్వాత కాల్స్ పెట్టకపోతే ఇంట్రోవర్టులతో పాటు పసిపిల్లల తల్లులకూ మేలు. ఇవేవీ చేయని కంపెనీ కూడా జనవరి 2న ప్రపంచ ఇంట్రోవర్ట్ దినోత్సవ శుభాకాంక్షలు చెబుతుంది, ఏప్రిల్‌లో అదే ఉద్యోగి అప్రైజల్ ఫారంలో ‘విజిబిలిటీ తక్కువ’ అని రాసి రేటింగ్ తగ్గిస్తుంది.