బరువు ఆపరేషన్ అయినవాళ్ళను మాత్రలు ఆపేయమంటున్న ఆ మెసేజ్ గురించి

ఈ మెసేజ్ నాకు ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, తిరుపతిలో మా కాలనీ వాకింగ్ గ్రూపులో వచ్చింది, చివరికి చిత్తూరులో ఉండే మా పిన్నమ్మ కూడా "ఇది నిజమా నాయనా" అని పంపింది. "అరవై దాటినవాళ్ళకు బరువు తగ్గే ఆపరేషన్: డాక్టర్లు దాచే నిజాలు" అని మొదలవుతుంది. పంపినవాళ్ళు పెద్దవాళ్ళ మీద ప్రేమతోనే పంపుతున్నారు, తెలుసు. కానీ అందులో ఒక మాట మనుషులను మంచాన పడేస్తుంది. ఓపిక నశించి రాస్తున్నాను.

మొదటి మాట: "అరవై దాటితే ఈ ఆపరేషన్ చేయకూడదని ప్రపంచమంతా రూల్ ఉంది." లేదు. 2022లో అమెరికా బేరియాట్రిక్ సర్జన్ల (బరువు తగ్గే ఆపరేషన్లు చేసే డాక్టర్ల) సంఘం, వాళ్ళ అంతర్జాతీయ సమాఖ్య కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో పై వయసు పరిమితి పెట్టలేదు. వాళ్ళు చూడమన్నది మనిషి ఎంత గట్టిగా ఉన్నాడు, గుండె, కిడ్నీలు ఎలా ఉన్నాయి, నడవగలడా, కండ ఉందా అని. డెబ్బై ఏళ్ళకు చురుగ్గా తిరిగే మనిషికి కుదరొచ్చు, యాభై ఐదుకే లేవలేని మనిషికి కుదరకపోవచ్చు. ఆధార్ కార్డులో పుట్టిన తేదీ చూసి తేల్చే విషయం కాదు ఇది.

"కడుపు కోసి కొవ్వు పీల్చేస్తారు" అన్నది రెండో మాట. అది లైపోసక్షన్, వేరే పని. బరువు ఆపరేషన్లలో ఒకటైన స్లీవ్‌లో చిన్న రంధ్రాల గుండా పొట్టలో, అంటే తిన్న అన్నం చేరే సంచిలో, సుమారు 80 శాతం తీసేస్తారు, కొవ్వు జోలికి పోరు.

"ఇన్సూరెన్స్ ఇవ్వదు" అన్నదీ తప్పే. 2019లో ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ షరతులు రాసిపెట్టింది: డాక్టర్ సలహా ఉండాలి, వయసు 18 నిండాలి, బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 40 ఉండాలి, లేదా 35 ఉండి గుండె జబ్బో, తీవ్రమైన స్లీప్ ఆప్నియానో (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులోకి రాని షుగరో ఉండాలి. పాలసీలో వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, అది చూసుకోండి. ఆ షరతుల్లో 60 అనే అంకె ఎక్కడా లేదు.

ఇక "ఆపరేషన్ ఎందుకు, రోజూ అలిపిరి మెట్లెక్కితే చాలు" అన్న మాట. స్వామి మీద భక్తి నాకూ ఉంది, మెట్లెక్కగలిగినవాళ్ళు ఎక్కండి. కానీ 60 దాటి షుగర్, బీపీ, కీళ్ళ జబ్బులు ఉన్నవాళ్ళు, ఊబకాయం ఉన్నవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు నడిచి రావద్దని 2024లో టీటీడీనే సూచన ఇచ్చింది. నూట ఇరవై కిలోల మనిషిని, మోకాళ్ళు అరిగిపోయిన మనిషిని 3,550 మెట్లెక్కమని చెప్పేవాళ్ళు, గాలిగోపురం దగ్గర ఆయనకు ఆయాసమొస్తే పక్కన ఉంటారా?

ఇప్పుడు అసలు విషయం. "ఆపరేషన్ తర్వాత రాసే విటమిన్ మాత్రలన్నీ కమీషన్ కోసమే. ఆరు నెలలు వాడి ఆపేయండి, రాగి సంగటి, ఆకుకూర తింటే అన్నీ వస్తాయి" అని రాశారు. మా పిన్నమ్మకు చెన్నైలో స్లీవ్ అయింది, ఆమె అడిగింది ఈ మాట గురించే. ఇలాంటివాళ్ళు మన చుట్టుపక్కల ఇంకెంతమంది ఈ మెసేజ్ చదివి మాత్రల డబ్బా పక్కన పెట్టేశారో అని నాకు టెన్షన్.

బి12 ఒంటికి పట్టాలంటే పొట్టలో ఊరే ఒక పదార్థం కావాలి. అది ఊరే భాగంలో ఎక్కువ తీసేశాక సంగటి ఎంత తిన్నా లాభం లేదు, అసలు రాగుల్లోనూ ఆకుకూరలోనూ బి12 ఉండదు. పైగా లివర్‌లో దాచిన నిల్వ కొన్నేళ్ళు వస్తుంది కాబట్టి ఆపిన వెంటనే ఏమీ కాదు. "చూడు, ఆపేసినా బాగానే ఉన్నాను" అని ధైర్యమొస్తుంది. తర్వాత పాదాల్లో తిమ్మిర్లు, నడిస్తే తూలడం, మతిమరుపు మొదలవుతాయి. చిన్నవాళ్ళకైతే ఏదో అయిందని తెలుస్తుంది. పెద్దవాళ్ళకైతే తిమ్మిర్లు షుగర్ వల్ల అంటారు, మతిమరుపు వయసు వల్ల అంటారు, అలా కాలం గడిచిపోతుంది. నరాలు బాగా దెబ్బతిన్నాక ఇంజెక్షన్లు చేసినా మొత్తం వెనక్కి రాదు. మన పెద్దవాళ్ళలో చాలామంది షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు పరగడుపున ఒక మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటారు. ఆ రెండూ బి12ను తగ్గించేవే. శాకాహారులైతే చెప్పనక్కర్లేదు. వీళ్ళనా ఆపేయమంటున్నారు!

కాల్షియం సంగతీ అంతే. బరువు తగ్గేకొద్దీ ఎముక కూడా పలచబడుతుంది, అరవై దాటిన ఆడవాళ్ళలో అది ముందే పలచబడి ఉంటుంది. బాత్రూంలో జారి తుంటి విరిగిందంటే ఇంటిల్లిపాదీ ఆ మంచం చుట్టూ తిరగాలి. ఆపరేషన్ అయినవాళ్ళకు పొట్టలో యాసిడ్ తగ్గుతుంది కాబట్టి కాల్షియం సిట్రేట్ బాగా పడుతుంది, కొన్న మాత్ర మీద కార్బొనేట్ అని ఉంటే డాక్టర్‌ను అడగండి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దు, కనీసం రెండు గంటల తేడా ఉండాలి. ప్రొటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. సంగటి మంచిదే, కానీ చిన్న పొట్టలో ముందు గుడ్డు, పెరుగు, పెసలు, చికెన్ పడాలి, ముద్ద తర్వాత.

ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు. ఆపరేషన్ అయిన మనిషికి రోజుల తరబడి వాంతులవుతుంటే బి1 నిల్వ రెండు మూడు వారాల్లో అయిపోతుంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే నీరసమని గ్లూకోజ్ సీసా ఎక్కిస్తాడు. బి1 ఇవ్వకుండా అలా ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుంది. ఎక్కడికి వెళ్ళినా మొట్టమొదట "నాకు బరువు ఆపరేషన్ అయింది" అని చెప్పండి. గ్యాస్ట్రిక్ బైపాస్ (గుండెది కాదు, పొట్టను చిన్నది చేసి పేగుకు అతికే బరువు ఆపరేషన్) అయినవాళ్ళు మోకాళ్ళ నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు, ఆ అతుకు దగ్గర పుండు పడొచ్చు.

ఒక్క మాటలో మాత్రం మెసేజ్ రాసినవాళ్ళతో ఏకీభవిస్తాను. "పెద్దవాళ్ళ మీద సరిగా పరీక్షించలేదు" అన్నారు. అది చాలావరకు నిజం. ఈ ఆపరేషన్ల మీద పేరున్న స్వీడన్ అధ్యయనంలో చేరినవాళ్ళు 37 నుంచి 60 ఏళ్ళ వాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళకు ఈ ఆపరేషన్ ఎలా పనిచేస్తుందో చూసిన స్టాంపీడ్ అనే అధ్యయనంలో 20 నుంచి 60. అరవై దాటినవాళ్ళ గురించి తెలిసిందంతా ఎక్కువగా ఆసుపత్రుల రికార్డుల నుంచి వచ్చింది. వాళ్ళలో బరువు కాస్త తక్కువ తగ్గుతుందని, ఇబ్బందులు కొంచెం ఎక్కువని అవి చెబుతున్నాయి. ఇప్పుడు బరువు తగ్గించే టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు కూడా 2025 నుంచి ఇక్కడ దొరుకుతున్నాయి. కాబట్టి అరవై ఐదేళ్ళ మనిషి "నాకు ఆపరేషన్ వద్దు" అంటే అది తెలివైన నిర్ణయమే కావచ్చు, బలవంతం చేసే హక్కు ఎవరికీ లేదు. వెల్లూరులోనో తిరుపతిలోనో ఇంకో డాక్టర్ అభిప్రాయం అడిగితే పోయేదేమీ లేదు.

కానీ వద్దనుకునే మనిషి సంగతి వేరు, ఆపరేషన్ అయిపోయిన మనిషి సంగతి వేరు. ఈ మెసేజ్ ఇద్దరి చేతికీ పోతోంది. మీరు ఈ మెసేజ్ ఎవరెవరికి పంపారో వాళ్ళలో ఆపరేషన్ అయినవాళ్ళు ఉంటే ఈ రోజే ఫోన్ చేయండి. మాత్రలు ఆపేశారా అని అడగండి. ఆపేసి ఉంటే బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి, కాల్షియం పరీక్షలు చేయించుకుని, రిపోర్టులు ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించమని చెప్పండి. తిమ్మిర్లో తూలడమో ఇప్పటికే ఉంటే రిపోర్టుల కోసం ఆగకుండా వెంటనే వెళ్ళమనండి.