పిడుగు పక్షి కథ వెనుక భూకంపం
రాక్షస కథల మీద ఈమధ్య నేను చదివిన ఒక వ్యాసంలో, అవన్నీ పిల్లలను అదుపులో పెట్టడానికి అల్లినవేనని వ్యాసకర్త తేల్చేయడం నాకు మింగుడుపడలేదు. అమెరికాలోని వాషింగ్టన్ తీరవాసులైన మకా, క్విల్యూట్ ప్రజల కథల్లో పిడుగు పక్షి తిమింగలంతో తలపడుతుంది, నేల కంపిస్తుంది, సముద్రం పొంగుతుంది. భూకంప శాస్త్రవేత్త రూత్ లుడ్విన్ ఇలాంటి కథలను పోగుచేసి 1700 జనవరి 26న ఆ తీరంలో వచ్చిన పెను భూకంపంతో పోల్చి చూశారు. అప్పుడు కుంగిన నేలలోకి ఉప్పునీరు చేరి చనిపోయిన ఎర్ర దేవదారు చెట్లు అక్కడి కోపాలిస్ నది పక్కన ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. బెరడు ఊడిన ఆ బూడిదరంగు మోళ్లను దగ్గర నుంచి చూశాక ఆ పిడుగు పక్షి కథలను ఉత్త బూచి కథలనడానికి నాకు నోరు రాదు. ఆ భూకంపం పుట్టించిన సునామీని జపాన్ వాళ్లు తేదీతో సహా రాసిపెట్టుకున్నారు, మకా, క్విల్యూట్ ప్రజలు కథగా చెప్పుకున్నారు. అయితే ప్రతి కథకూ ఇలాంటి మూలం ఉంటుందని నేననను. సింహం ఒంటికి డేగ తల, రెక్కలు ఉండే గ్రిఫిన్ అనే కల్పిత జీవి బొమ్మలను కొందరు డైనోసార్ ఎముకలకు ముడిపెట్టడం నాకూ నమ్మశక్యంగా లేదు.