జుట్టు చెదరని కొలువు

అమెరికాలో స్థిరపడిన మన తల్లిదండ్రులు పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించేటప్పుడు వైద్యం, కంప్యూటర్లు దాటి చూడకపోవడం విచారకరం. పొరపాటు చేసిన డాక్టరు మీద దావా పడుతుంది. ప్రోగ్రాములు రాసేవాడికి ఏ పొరపాటూ చేయకుండానే ఉద్వాసన చెబుతారు. హుందాగా జారిపడటం వస్తే చాలు, పడ్డ చోటే ఇంకో కుర్చీ వేసే వృత్తి ఆ దేశంలో ఒకటుంది. అది వార్తలు చదవడం.

ఇందులోకి వచ్చేవారు ముందుగా జాన్ కామెరాన్ స్వేజీ గారి జీవితం చదవాలి. 1949 నుంచి ఎన్‌బీసీ టీవీలో ఆయన పదిహేను నిమిషాల వార్తలు చెప్పేవారు. ఖర్చు పెట్టుకున్నది క్యామెల్ సిగరెట్ల కంపెనీ కాబట్టి కార్యక్రమం పేరులోనూ అదే ఉండేది. తెర మీద చుట్ట కాల్చేవారెవరూ కనిపించకూడదని ఆ కంపెనీ షరతు. చర్చిల్‌కు మాత్రం దయతో మినహాయింపు ఇచ్చారు. (యుద్ధం గెలిస్తే దక్కే గౌరవాల్లో ఇదొకటి కాబోలు.) 1956లో స్వేజీని తప్పించి హంట్లీ, బ్రింక్లీ అనే ఇద్దరిని కూర్చోబెట్టారు. ఆయన చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టైమెక్స్ చేతి గడియారాలను టీవీలో నానా హింసలూ పెట్టి, అయినా ఆడుతూనే ఉన్నాయని ఏళ్ల తరబడి నిరూపించారు. కొరియా యుద్ధం గురించి చెబితే నమ్మిన జనం గడియారం గురించి చెబితే నమ్మరా?

రేడియోలో పాల్ హార్వీ ఈ రెండు ఉద్యోగాలనూ ఒకటి చేశారు. వార్తకూ ప్రకటనకూ అదే గొంతు, అదే గంభీరమైన విరామం. యుద్ధం ఎక్కడ ఆగి పరుపు ఎక్కడ మొదలైందో శ్రోత కాస్త ఆలస్యంగా గ్రహించేవాడు. 2000లో, ఎనభై రెండేళ్ల వయసులో, ఆయనతో ఏబీసీ ప్రసార సంస్థ పదేళ్ల ఒప్పందం రాసుకుంది. దాని విలువ పది కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి.

అర్హతలేమిటంటారా? వాల్టర్ క్రాంకైట్ పంతొమ్మిదేళ్లు సీబీఎస్ టీవీలో సాయంకాలం వార్తలు చదివి 1981లో దిగిపోయాక ఆ కుర్చీలోకి డాన్ రాథర్ వచ్చారు. కెనెడీ హత్య, వియత్నాం, వాటర్‌గేట్, అన్నీ దగ్గరగా చూసిన విలేకరి. అయినా ప్రేక్షకులు తగ్గారు. అప్పుడాయన కోటు లోపల స్వెటర్ తొడిగారు, రేటింగులు లేచాయి. వియత్నాం ఇవ్వలేని ఆత్మీయత ఊలు ఇచ్చింది. 1987 సెప్టెంబరు 11న టెన్నిస్ పోటీ సాగి సాగి వార్తల వేళలోకి వస్తోందని ఆయన అలిగి కుర్చీ వదిలి వెళ్లిపోయారు. తీరా ఆట ముగిసేసరికి అక్కడ ఎవరూ లేరు. ఆరు నిమిషాలపాటు సీబీఎస్ తెర నల్లగా ఉండిపోయింది. ఆ ఆరు నిమిషాల్లో ప్రసారమైనదేదీ తప్పని ఇంతవరకూ ఎవరూ ఖండించలేదు.

స్త్రీలకు స్వెటర్ చాలదు. కాన్సాస్ సిటీలో క్రిస్టీన్ క్రాఫ్ట్‌కు ఏ రోజు ఏ దుస్తులు వేసుకోవాలో పట్టిక రాసిచ్చారు. అయినా 1981లో, ముప్పై ఆరేళ్ల వయసులో, ఆమెను యాంకర్ కుర్చీలోంచి దించారు. వయసు మీరింది, అందం చాలదు, మగవాళ్ల దగ్గర అణకువ లేదు అని ప్రేక్షకులు అనుకుంటున్నట్టు తనతో చెప్పారని ఆమె కోర్టుకెక్కారు. రెండుసార్లు జ్యూరీలు ఆమె పక్షానే పరిహారం ప్రకటించాయి. మొదటి తీర్పును జడ్జి పక్కన పెట్టారు, రెండోదాన్ని పై కోర్టు కొట్టేసింది. తర్వాత ఆమె న్యాయశాస్త్రం చదివి లాయరయ్యారు. స్వేజీ గారికి గడియారాలు దొరికాయి, ఈమె మళ్లీ బడికి వెళ్లవలసి వచ్చింది.

ఎన్‌బీసీలో సాయంకాలం వార్తలు చదివిన బ్రయన్ విలియమ్స్‌కు ఆ అవస్థ రాలేదు. 2003లో ఇరాక్‌లో తాను ఎక్కిన హెలికాప్టర్‌కు రాకెట్ తగిలిందని ఆయన 2015లో వార్తల్లోనే చెప్పారు. తగిలింది ఇంకో హెలికాప్టర్‌కని అప్పుడు అక్కడున్న సైనికులు గుర్తుచేశారు. ఎన్‌బీసీ ఆయనను జీతం లేకుండా ఆరు నెలలు సస్పెండ్ చేసింది. ఆ తర్వాత తన సోదర చానల్ ఎంఎస్‌ఎన్‌బీసీలో, వేరే పని దొరకనట్టు, బ్రేకింగ్ న్యూస్ అప్పగించింది. మరుసటి ఏడాది రాత్రి పదకొండు గంటల కార్యక్రమం కూడా ఇచ్చింది. సాయంకాలం చెల్లని నమ్మకం అర్ధరాత్రి వేళకు చెల్లుతుందన్నమాట.

మొదలు మాత్రం చిన్నగానే పెట్టాలి. టీవీ ఎవరెంత చూస్తున్నారో లెక్కగట్టే నీల్సన్ సంస్థ జాబితాలో ఆ దేశం 210 టీవీ మార్కెట్లు, పెద్దది మొదట, చిన్నది చివర. ఒకటో నంబరు న్యూయార్క్, చిట్టచివరిది మోంటానాలోని గ్లెండివ్. మన రాజమండ్రిలో పుట్టిన ఉమా పెమ్మరాజు అలా స్థానిక స్టేషన్లలో పనిచేసి, బోస్టన్ మీదుగా 1996లో ఫాక్స్ న్యూస్ తొలి బృందంలో చేరారు. ఇప్పుడైతే స్థానిక స్టేషన్లలో ఆలోచించే శ్రమ కూడా తగ్గింది. 2018లో సింక్లెయిర్ సంస్థ తన స్టేషన్లలో డజన్ల కొద్దీ యాంకర్ల చేత ఒకే కాగితం చదివించింది. జనం ఏమనుకోవాలో మీడియాలో కొందరు శాసిస్తున్నారని, ఇది ప్రజాస్వామ్యానికి ఎంతో ప్రమాదమని అందులో ఉంది. ఊరూరా అందరూ అక్షరం పొల్లుపోకుండా హెచ్చరించారు.

ఇక పదోన్నతి సంగతి. ఫాక్స్‌లో వారాంతపు ఉదయాల సోఫాలో కూర్చునే పీట్ హెగ్సెత్ 2025 జనవరిలో అమెరికా రక్షణ మంత్రి అయ్యారు. సైన్యంలో పనిచేసినవారే, కాదనడం లేదు. అయినా సెనేట్‌లో ఓట్లు యాభైకి యాభై పడటంతో ఉపాధ్యక్షుడు వచ్చి తన ఓటు వేయవలసి వచ్చింది. ఇప్పుడు 210 మార్కెట్ల జాబితాలో పెంటగన్‌కు ఏ నంబరివ్వాలో నీల్సన్ వారే తేల్చాలి.