తూటా దండగనుకున్న దొర: రే స్టీవెన్సన్ నటనకు మూలం ఎక్కడుంది?

2023 మే 21న ఇటలీలోని ఇస్కియా ద్వీపంలో రే స్టీవెన్సన్ కన్నుమూసినప్పుడు తెలుగునాట ఆ వార్త ఎక్కువగా ఒకే శీర్షికతో వచ్చింది: ‘ఆర్ఆర్ఆర్’ విలన్ ఇక లేరు. ఒక సినిమా షూటింగ్ కోసం అక్కడికి వెళ్లిన ఆయనకు 59 ఏళ్లు నిండడానికి అప్పటికి నాలుగు రోజులు మిగిలి ఉన్నాయి. శీర్షికలో అబద్ధం లేదు. మన ప్రేక్షకులు ఆయనను గుర్తుపట్టేది స్కాట్ దొరగానే. కానీ ఆ దొరలోని చల్లని క్రౌర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. విదేశీ నటులను తెచ్చుకోవడం అలవాటు చేసుకుంటున్న తెలుగు సినిమా ఈ ప్రశ్నను పట్టించుకోవాలి. నా దృష్టిలో దానికి జవాబు హాలీవుడ్‌లో దొరకదు. లండన్ నేషనల్ థియేటర్‌లో, 2003లో ఆయన వేసిన ఒక పాత్రలో దొరుకుతుంది.

స్టీవెన్సన్ 1964 మే 25న ఉత్తర ఐర్లాండ్‌లోని లిస్బర్న్‌లో పుట్టారు. ఆయనకు ఎనిమిదేళ్లప్పుడు కుటుంబం ఇంగ్లండ్ ఈశాన్యాన ఉన్న న్యూకాసిల్ ప్రాంతానికి మారింది. చదివింది చిత్రకళ. ఆ తర్వాత లండన్‌లో ఒక ఆర్కిటెక్చర్ సంస్థలో ఇంటీరియర్ డిజైనర్‌గా కుదురుకున్నారు. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగం, నాలుగు రకాల పని తెలిసిన చేతులు. అలాంటి రోజుల్లో లండన్ నాటకశాలల పేట వెస్ట్ ఎండ్‌లో హాలీవుడ్ నటుడు జాన్ మాల్కోవిచ్ నటించిన ‘బర్న్ దిస్’ నాటకం చూశారు. ఆ ప్రదర్శన ఆయనను కుదురుగా ఉండనివ్వలేదు. ఉద్యోగం వదిలి బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్‌లో చేరారు. జెరెమీ ఐరన్స్, డేనియల్ డే లూయిస్ లాంటి వాళ్లు నటన నేర్చుకున్న చోటు అది. అక్కడి నుంచి బయటికి వచ్చేసరికి ఆయనకు 29 ఏళ్లు.

ఆ వయసు దగ్గర కాసేపు ఆగాలి. మన పరిశ్రమలో 29 ఏళ్లకు మొదటి వేషం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగే వ్యక్తికి ఇంట్లోనూ బయటా దొరికే ఆదరణ ఎలాంటిదో అందరికీ తెలుసు. బ్రిటన్‌లోనూ అది తొందరగా మొదలుపెట్టిన వయసేమీ కాదు. అయితే అక్కడ మూడు పదుల దగ్గరపడిన మనిషిని కూడా చేర్చుకుని గొంతు, ఊపిరి, నడక నేర్పే బడి ఒకటి ఉంది. బడి నుంచి బయటికి రాగానే చిన్న వేషమైనా ఇచ్చే టీవీ నాటకాలు, ప్రాంతీయ రంగస్థలం ఉన్నాయి. స్టీవెన్సన్ పదేళ్లకు పైగా ఆ దారిలోనే నడిచారు.

2000లో ఇంగ్లండ్‌లోని యార్క్ మిన్‌స్టర్ చర్చిలో ప్రదర్శించిన యార్క్ మిస్టరీ నాటకాల్లో ఆయన ఏసుక్రీస్తు పాత్ర వేశారు. దర్శకుడు గ్రెగరీ డోరన్. మధ్యయుగాల్లో యార్క్ నగరంలో ఒక్కో వృత్తి సంఘం బైబిల్ కథలోని ఒక్కో ఘట్టాన్ని ఆడేది. ఆ సంప్రదాయాన్ని కొత్త సహస్రాబ్ది సందర్భంగా మహా చర్చి లోపలికి తీసుకొచ్చారు. రంగం మీద ఎక్కువమంది ఊరివాళ్లే. పాత పద్యపు భాష, ఆకాశమంత ఎత్తు కప్పు, మాట చివర నలిగిపోయి మాయమయ్యే అంత విశాలమైన ఆవరణ. అక్కడ సిలువ మోసిన నటుడికి కెమెరా ముందు గొంతు ఎంత తగ్గించాలో కొత్తగా చెప్పాల్సిన పని ఉండదు. పెద్ద గొంతు అదుపులో ఉన్నవాడికే చిన్న గొంతు వశమవుతుంది.

ఇక 2003 నాటి నాటకానికి వద్దాం. జాన్ వెబ్‌స్టర్ రాసిన ‘ది డచెస్ ఆఫ్ మాల్ఫీ’ నాలుగు శతాబ్దాల నాటి విషాదాంత నాటకం. భర్త చనిపోయిన ఒక రాచకుటుంబ స్త్రీ తన ఇంటి కార్యనిర్వాహకుణ్ని రహస్యంగా పెళ్లాడుతుంది. ఆమె అన్నదమ్ములిద్దరూ ఆమెను వెంటాడి చంపిస్తారు. వారిలో ఫెర్డినాండ్ అరుస్తాడు, రగిలిపోతాడు, చివరికి మతి చెడిపోతుంది. రెండోవాడు కార్డినల్, అంటే క్యాథలిక్ చర్చిలో ఉన్నత మతాధికారి. ఇతను అరవడు. పనులన్నీ మరొకరి చేతుల మీదుగా జరిపిస్తాడు. తన రహస్యం తెలుసుకున్న ప్రియురాలి చేత పవిత్ర గ్రంథం మీద ఒట్టు వేయించి, ఆ పుస్తకాన్ని ముద్దుపెట్టుకోమంటాడు. అట్ట మీద విషం పూసి ఉంటుంది. నేషనల్ థియేటర్‌లో జానెట్ మెక్‌టీర్ డచెస్‌గా నటించిన ప్రదర్శనలో ఈ కార్డినల్ స్టీవెన్సనే.

ఇప్పుడు ‘ఆర్ఆర్ఆర్’ మొదటి సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. ఆదిలాబాద్ అడవిలో గోండు గూడెం. చిన్నారి మల్లి పాట పాడుతూ దొరసాని చేతి మీద బొమ్మ దిద్దుతుంది. పాపను తీసుకెళుతూ రెండు నాణేలు విసిరితే, అవి పాటకు ఇచ్చిన బహుమానమని తల్లి అనుకుంటుంది. కారు కదిలాక విషయం అర్థమై వెంటపడుతుంది. సైనికుడు తుపాకీ ఎక్కుపెడతాడు. స్కాట్ అతణ్ని ఆపి తూటా లెక్క చెబుతాడు. ఇంగ్లండ్ ఫ్యాక్టరీలో తయారై, సముద్రాలు దాటి, ఈ తుపాకీలోకి చేరేసరికి దాని ఖరీదు ఒక పౌండు అవుతుంది. దాన్ని ఈ మనిషి మీద దండగ చేస్తావా అని అడుగుతాడు. సైనికుడు దుంగ అందుకుని ఆమె తల మీద కొడతాడు.

ఆ మాటలు రాసిన పద్ధతిలో క్రౌర్యం ఉంది. అయితే చెప్పిన పద్ధతిలో దానికి మించిన క్రౌర్యం ఉంది. స్టీవెన్సన్ ఆ మాటల్ని కోపంగా పలకలేదు. కొత్తగా చేరిన గుమాస్తాకు ఖర్చులు ఎలా తగ్గించాలో పాఠం చెప్పే పై అధికారిలా పలికారు. మాట్లాడేది సైనికుడితో. ఎదురుగా ఉన్న తల్లి ఆయన లెక్కలో మనిషి కాదు. కళ్లెర్రజేసి ‘చంపెయ్’ అని ఉంటే అతను ఒక దుర్మార్గుడు మాత్రమే అయ్యేవాడు. ఖాతా పుస్తకం తెరిచినట్టు మాట్లాడటంతో ఒక్క మనిషి వెనుక మొత్తం వలస పాలన కనిపించింది. చేతికి నెత్తురు అంటకుండా పని జరిపించుకోవడం, గొంతు పెంచకపోవడం, చివరి మాటను నొక్కకుండా వదిలేయడం: ఇవన్నీ ఆ కార్డినల్ పద్ధతులే. అలిసన్ డూడీ వేసిన దొరసాని రక్తం చూడాలని ఉవ్విళ్లూరుతుంది, ముళ్ల కొరడా తెప్పిస్తుంది. పక్కనున్న దొర భీమ్ మోకాళ్ల మీద కూలబడితే చాలంటాడు. నాటకంలోని ఆ అన్నదమ్ముల జోడీ ఇక్కడ భార్యాభర్తలైంది. రాజమౌళి, విజయేంద్రప్రసాద్ ఆ నాటకాన్ని దృష్టిలో పెట్టుకున్నారని నేను అనడం లేదు. ఆ సరంజామా నటుడి దగ్గర ముందే ఉందని అంటున్నాను.

తెలుగు ప్రేక్షకులకు ఇలాంటి నటన తెలియనిది కాదు. ఎస్వీ రంగారావు కూడా అగ్నిమాపక శాఖలో ఉద్యోగం చేసి, నాటకాలు ఆడి, ఆ తర్వాతే తెరమీదికి వచ్చారు. భారీ విగ్రహం ఉన్నవాడు దాన్ని కదపకుండా భయపెట్టడం ఎలాగో ‘నర్తనశాల’ కీచకుణ్ని చూస్తే తెలుస్తుంది. ఆ విద్య మన దగ్గరే ఉండేది. ఇప్పుడు విలన్లకు అరుపులు, కత్తులు, నేపథ్య సంగీతం అప్పగించి దాన్ని మనమే పక్కన పడేశాం.

స్టీవెన్సన్‌కు ప్రపంచవ్యాప్తంగా పేరు తెచ్చింది ‘రోమ్’ ధారావాహిక. హెచ్‌బీఓ, బీబీసీ కలిసి ఇటలీలోని చినెచిట్టా స్టూడియోల్లో తీసిన ఇది 2005 నుంచి 2007 వరకు, 22 భాగాలుగా వచ్చింది. ఆయన వేసిన టైటస్ పుల్లో మామూలు సైనికుడు. జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధ గాథలో ఒకచోట ప్రస్తావించిన పేరు అది. తాగుతాడు, తిరుగుతాడు, ఆలోచించకుండా కత్తి దూస్తాడు, అంతలోనే పసివాడిలా బిక్కమొహం వేస్తాడు. హత్యానేరానికి మరణశిక్ష పడి క్రీడారంగంలోకి తోసినప్పుడు పుల్లో పోరాడనంటాడు. చావుకు సిద్ధపడి కూర్చుంటాడు. గ్లాడియేటర్లు అతణ్ని ఎన్ని తిట్టినా చలించడు. వాళ్లు అతని పదమూడో సేనను తూలనాడినప్పుడు మాత్రం లేస్తాడు. అలా లేవడానికి ముందు ముఖంలో కోపం కన్నా బతిమాలుకోవడం కనిపిస్తుంది. ఆ మాట అనకండి, అంటే నేను లేవాల్సి వస్తుంది అన్నట్టు ఉంటుంది. నా మటుకు నాకు ఆయన తెర జీవితంలో అదే శిఖరం. స్కాట్‌ను మాత్రమే చూసినవారు ఈ పుల్లోను తప్పక చూడాలి. ఇద్దరూ ఒకే మనిషంటే నమ్మడం కష్టం.

అంత పేరు వచ్చాక కూడా హాలీవుడ్ ఆయనను అగ్రనటుణ్ని చేయలేదు. 2008లో ‘పనిషర్: వార్ జోన్’లో కథానాయకుడి వేషం దక్కింది. మూడున్నర కోట్ల డాలర్లు పెట్టిన ఆ సినిమాకు వచ్చింది కోటి డాలర్ల చిల్లర. ఆ తర్వాత ‘థోర్’ చిత్రాల్లో వోల్‌స్టాగ్, ‘త్రీ మస్కెటీర్స్’లో పోర్థోస్, ‘బ్లాక్ సెయిల్స్’లో సముద్రపు దొంగ బ్లాక్‌బియర్డ్. ఆరడుగులు దాటిన ఆకారాన్ని చూసి ఇచ్చిన వేషాలే ఎక్కువ. 2012లో ‘డెక్స్టర్’ ఏడో సీజన్‌లో ఐజాక్ సిర్కో పాత్ర మాత్రం వేరు. ఉక్రెయిన్ మాఫియా నాయకుడు. చంపడానికి వచ్చింది పగతోనే అయినా, ఆ పగ వెనుక ఉన్నది పోగొట్టుకున్న ప్రేమికుడి కోసం దుఃఖం. శత్రువు పక్కన కూర్చుని ప్రేమ గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో ఒక్క అక్షరం కూడా వణకదు, దుఃఖం మాత్రం చూసేవారికి పూర్తిగా అందుతుంది. మరణించిన మూడు నెలలకు వచ్చిన ‘స్టార్ వార్స్’ ధారావాహిక ‘అసోకా’లోని బేలన్ స్కోల్ కూడా ఆ కోవకే చెందుతాడు. మొదటి భాగాన్ని ‘మా మిత్రుడు రే’కు అంకితమిచ్చారు.

‘ఆర్ఆర్ఆర్’ చేసేనాటికి ఆయన వయసు 56. కష్టమైన స్టంట్ సన్నివేశాన్ని ఏమాత్రం జంకకుండా చేశారని చిత్రబృందం ఆయన పోయినప్పుడు ఫొటోతో సహా గుర్తుచేసుకుంది. బ్రిటిష్ పాలనను ఇంత నల్లగా చిత్రించారేమిటని అక్కడి చరిత్రకారుడొకరు ‘స్పెక్టేటర్’ పత్రికలో అభ్యంతరం చెప్పారు. వలస పాలన మన గూడేలకు చేసినదాన్ని తలుచుకుంటే ఆ అభ్యంతరాన్ని నేను అంగీకరించలేను. ఒక బ్రిటిష్ నటుడు ఆ పాత్రలో ఎక్కడా సానుభూతి దండుకోకుండా, చివరిదాకా ద్వేషించదగిన మనిషిగానే నిలబడటం నాకు గౌరవం కలిగించింది.

1974లో ‘అల్లూరి సీతారామరాజు’లో తెల్లదొర రూథర్‌ఫర్డ్ పాత్రను జగ్గయ్య వేశారు. రంగు, విగ్గు సంగతి ఎలా ఉన్నా ఆ కంచుకంఠం కృష్ణకు దీటుగా నిలిచింది. నాటకరంగంలోనూ రేడియోలోనూ పదునెక్కిన గొంతు అది. ఆ తర్వాత చాలా తెలుగు సినిమాల్లో తెల్లదొర అంటే తెల్లతోలు ఉంటే చాలన్న పరిస్థితి వచ్చింది. ఎవరు దొరికితే వారికి టోపీ పెట్టి నాలుగు ఇంగ్లిష్ ముక్కలు పలికించేవాళ్లు. స్టీవెన్సన్‌ను తేవడంతో ఆ అలసత్వానికి అడ్డుకట్ట పడింది. ఇకముందు కూడా నిర్మాతలు ఇలాంటి వేషాలకు రంగస్థలం తెలిసిన నటులనే వెతకాలి.

అయితే నటుణ్ని తెచ్చాక అతనికి ఇవ్వాల్సినంత ఇచ్చామా? కార్డినల్‌కు వెబ్‌స్టర్ చివరి అంకంలో ఒక క్షణం ఇచ్చాడు. అతను ఒంటరిగా, చేతిలో పుస్తకంతో వస్తాడు. నరకంలో ఉండే నిప్పు ఒకటే అయినా అందరినీ ఒకేలా కాల్చదట, అదెలాగని తనలో తాను తర్కించుకుంటాడు. అతని మీద మనకు జాలి కలగదు, కానీ అంతటి దుర్మార్గుడికీ లోపల ఒక గది ఉందని తెలుస్తుంది. స్కాట్‌కు అలాంటి క్షణం ఒక్కటీ లేదు. మూడు గంటలకు పైగా సాగిన సినిమాలో రెండు నిమిషాలు దొరకకపోవు. ఆ రెండు నిమిషాలను నిలబెట్టగల నటుడు సెట్లోనే ఉన్నాడు.