రుషికుల్య కాలువకు లైనింగ్ సరే, గట్టు పక్క బావుల మాటేమిటి?

సాగునీటి లెక్కల్లో అందరికీ నచ్చే లెక్క కాలువ లైనింగ్‌ది. మట్టి కాలువలో నీరు ఇంకిపోతుంది, సిమెంటు వేస్తే ఇంకదు, మిగిలిన నీటితో శివారు భూములు పండుతాయి. ఇంత సులువుగా ముగిసే వాదనకు అసెంబ్లీలోనూ ఎవరూ అడ్డు చెప్పరు, రచ్చబండ దగ్గరా చెప్పరు. ఒడిశా ప్రభుత్వం 2013-14లో కాలువల లైనింగ్, వ్యవస్థల పునరుద్ధరణ కోసం ప్రత్యేక కార్యక్రమమే మొదలుపెట్టింది. గంజాం, గజపతి, రాయగడ వంటి సరిహద్దు జిల్లాల్లో కాలువ గట్ల మీద కంకర కుప్పలు, మిక్సర్లు చూడటం ఇప్పుడు మనకు మామూలైపోయింది.

లైనింగ్ వద్దని నేను అనను. అయితే అది చుక్క నీటిని కూడా కొత్తగా పుట్టించదు. ఒకరి బావికి ఊటగా చేరుతున్న నీటిని ఆపి మరొకరి పొలానికి పంపుతుంది. చాలాచోట్ల అది న్యాయమైన పంపకమే. కానీ పంపకమన్న సంగతే ఎక్కడా ప్రస్తావనకు రాదు. బావి యజమానిని అడగరు, ఆ బావిలో ఎంత నీరుందో చూడరు. పని పూర్తయ్యాక ఇన్ని క్యూసెక్కులు ఆదా అయ్యాయని ప్రకటన మాత్రం వస్తుంది.

మట్టి కాలువలో నీటి నష్టం నిజమే, దాన్ని తక్కువ చేసి చెప్పడానికి లేదు. ఇంజినీర్లు డిజైన్ చేసేటప్పుడు లైనింగ్ ఉన్న కాలువలో తడిసే ప్రతి 10 లక్షల చదరపు మీటర్లకు 0.6 క్యూమెక్కుల (క్యూమెక్కు అంటే సెకనుకు ఘనపు మీటరు) నీరు ఇంకుతుందని లెక్క వేసుకుంటారు. మట్టి కాలువలో నేల రకాన్ని బట్టి ఇది 2 క్యూమెక్కులు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే. మన కళ్లకు కట్టేలా చెప్పుకోవాలంటే, అడుగు, రెండు పక్కలు కలిపి 10 మీటర్లు తడిసే ఓ మోస్తరు కాలువను తీసుకుందాం. మట్టి కాలువ నష్టం 2.4 క్యూమెక్కులు అనుకుంటే కిలోమీటరు పొడవున సెకనుకు 24 లీటర్లు భూమిలోకి పోతాయి. లైనింగ్ చేస్తే 6 లీటర్లు. తేడా 18 లీటర్లు, అంటే రోజుకు 15 లక్షల లీటర్ల పైమాటే. వరికి హెక్టారుకు సెకనుకు లీటరు చొప్పున ఇచ్చినా ఒక్క కిలోమీటరు లైనింగ్‌తో 40 ఎకరాలకు పైగా తడుస్తుంది. శివారు రైతు ఈ లెక్క చూసి లైనింగ్ కావాలని పట్టుబడితే తప్పేముంది? ఎగువ తూములు నిండుగా పారుతుంటే తన పిల్ల కాలువలోకి దుమ్ము తప్ప నీరు రాని సంవత్సరాలు చూసినవాడు అతను.

చిక్కంతా ఆ 18 లీటర్లు ఇన్నాళ్లూ ఎక్కడికి పోయాయన్న దగ్గరే ఉంది. గంజాం జిల్లాలో రుషికుల్య నది నీటితో నడిచే ఈ కాలువ వ్యవస్థ నిన్నమొన్నటిది కాదు. 1866 నాటి కరవు ఒడిశాతో పాటు గంజాంను కూడా ఊడ్చేసింది. ఆ తర్వాత మద్రాసు ప్రభుత్వం 19వ శతాబ్దం చివర్లో జానివిల్లి ఆనకట్ట, సురడా జలాశయం, అప్పట్లో రసెల్‌కొండ అని పిలిచిన భంజనగర్ జలాశయం కలిపి ఈ వ్యవస్థను నిర్మించింది. 1936 ఏప్రిల్ 1న గంజాం ఒడిశాలో కలిసింది. పాలన మద్రాసు నుంచి కటక్‌కు మారినా కాలువ మాత్రం పారుతూనే ఉంది. ఆనాటి మట్టి కాలువలు శతాబ్దానికి పైగా కారుతూనే ఉన్నాయి కూడా. ఆ కారిన నీటి చుట్టూ రెండో సాగునీటి వ్యవస్థ ఒకటి తనంతట తాను పెరిగింది. గట్టు దిగువన నేలబావులు, ఊరి చెరువులు, కుంటలు, కొబ్బరి తోటలు, కూరగాయల మళ్లు. వీటికి ఏ శాఖలోనూ రిజిస్టర్ లేదు.

కాలువ పక్క బావి ఎలా బతుకుతుందో చూడాలంటే దానిలోకి తొంగి చూస్తే చాలు. కాలువ వదిలిన రోజుల్లో నీరు పై వరల దాకా వస్తుంది. కట్టేశాక మెల్లగా దిగుతుంది. వరల మీద ఆ ఎక్కుదిగుళ్ల మరకలు పట్టీలుగా మిగిలిపోతాయి. వాన లేని నెలల్లో పై మరక పడిందంటే ఆ నీరు కాలువ ఊటే. ఇంటి ఆడవాళ్లకు ఈ సంగతి ఇంజినీరు కన్నా ముందు తెలుసు. కాలువ ఎండిన ఎన్నాళ్లకు చేంతాడు పొడవు చాలకపోతుందో లెక్క చెప్పగలరు. వరి కోతలయ్యాక ఆ బావి నీళ్లతో వేసే వంగ, టమాటా, మిరప బరంపురం మార్కెట్‌కు వచ్చి పడతాయి. ఈ పంటలు కాలువ ఆయకట్టు లెక్కలో ఎక్కడా ఉండవు కాబట్టి, అవి పోయినా నష్టం లెక్కలోకి రాదు.

ఇక్కడే కాగితం మీద ఒక గారడీ జరుగుతుంది. మన దేశంలో కాలువ సాగు సామర్థ్యం, అంటే వదిలిన నీటిలో పైరుకు అందే వాటా, 35 నుంచి 40 శాతమేనని చాలాకాలంగా చెబుతున్నారు. జాతీయ జల మిషన్ కూడా నీటి వినియోగ సామర్థ్యాన్ని 20 శాతం పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. మిగతా 60 శాతం గాలిలో కలిసిపోయినట్టు మాట్లాడతాం. అందులో కొంత ఆవిరవుతుంది, కొంత సముద్రంలో కలుస్తుంది. పెద్ద భాగమే బావుల్లో తేలి మళ్లీ పొలానికి ఎక్కుతుంది. అలా ఎక్కే నీటిని భూగర్భ జలాల ఖాతాలో ఒకసారి, లైనింగ్ ఆదా ఖాతాలో ఇంకోసారి చూపించి, దాని మీదే కొత్త ఆయకట్టు ప్రకటిస్తే రెండు చోట్లా ఆశ పెట్టినట్టవుతుంది. నీరు మాత్రం ఒకచోటే ఉంటుంది.

పంజాబ్‌లో ఈ తగాదా బాహాటంగా జరిగింది. రాజస్థాన్ ఫీడర్, సర్హింద్ ఫీడర్ పక్కపక్కనే పారే జంట కాలువలు. వాటి ఊటతో ముక్త్‌సర్ వైపు పొలాలు నీరు నిలిచి చవుడుబారాయి, అక్కడివారికి లైనింగ్ వరమే. ఫరీద్‌కోట్‌లో మాత్రం కాంక్రీటు వద్దని జనం రోడ్డెక్కారు. కాలువ పక్క తప్ప మరెక్కడా తమకు తీపి నీరు దొరకదన్నది వారి భయం. అమెరికా, మెక్సికో సరిహద్దు వెంట పారే ఆల్ అమెరికన్ కాలువది మరీ విడ్డూరం. దాని 37 కిలోమీటర్ల భాగాన్ని సిమెంటు కాలువగా మార్చి, మిగిలిన నీటిని శాన్ డియేగో నగరానికి మళ్లించారు. సరిహద్దుకు అవతల మెక్సికాలీ లోయ రైతులు దశాబ్దాలుగా ఆ ఊట మీదే బావులు తవ్వుకున్నారు. కోర్టుకెక్కితే పని కొన్నాళ్లు ఆగింది కానీ చివరికి పూర్తయింది. నీరు ఇంకే చోట ఒకరు, లెక్క రాసే చోట మరొకరు ఉంటే ఇలాగే అవుతుంది. బరంపురం నగరం కూడా తాగునీటికి రుషికుల్య మీదే ఆధారపడుతోంది కనుక, రేపు ఇక్కడ మిగిలే నీరు శివారు పొలానికే చేరుతుందన్న హామీ రాతపూర్వకంగా ఉంటే మంచిది.

మరి ఎక్కడ వేయాలి? గట్టు పోసి నేల కన్నా ఎత్తున నడిపించిన కాలువ భాగాల్లో తప్పకుండా వేయాలి. అక్కడ ఊటంటే గండికి నాందే. ఇసుక నేలల్లో వేయాలి. దిగువ పొలాలు ఏడాది పొడవునా బురదగా ఉండి దిగుబడి పడిపోయిన చోట వేయాలి. సముద్రం వైపు, అడుగున ఉప్పునీరున్న చోట ఇంకిన నీరు చాలావరకు పనికిరాకుండా పోతుంది. అయినా అక్కడ కూడా ఆగి చూడాలి, ఎందుకంటే తీరప్రాంతంలో పైపొరలో తేలే మంచినీరే ఉప్పును కిందికి అణచి ఉంచుతుంది. ఇక ఊరి మధ్య నుంచో, బావులు బారులు తీరిన గట్టు పక్క నుంచో వెళ్లే భాగాల్లో అడుగు మట్టిగా వదిలేసి పక్కలకే లైనింగ్ వేసే పద్ధతి ఉంది. గట్టు కోతా తగ్గుతుంది, ఊటా కొంత మిగులుతుంది.

ఇవన్నీ తేల్చడానికి పెద్ద సర్వే అక్కర్లేదు. కాలువ కట్టేసిన రోజుల్లో కొంత పొడవుకు రెండు చివర్లా ఇసుక బస్తాలతో అడ్డం వేసి, నీరు నింపి, ఒక కొలకర్ర పాతి, రోజుకు మట్టం ఎంత దిగిందో చూస్తారు. ఆవిరయ్యేది తీసేస్తే మిగిలింది ఇంకినదే. దిగుడు ఐదారు సెంటీమీటర్లయితే ఆ భాగం మట్టి కాలువైనా లైనింగ్ వేసినంత గట్టిగా ఉన్నట్టే, అక్కడ డబ్బు పోయడం దండగ. ఇరవై దాటితే ఆలోచించాలి. ఎన్నో ఏళ్ల ఒండ్రు పేరుకుని అడుగు తనంతట తానే గట్టిపడిన పాత కాలువల్లో ఈ పరీక్ష చేయకుండా ఎస్టిమేట్ వేయడం నాకు అర్థం కాని విషయం. బహుశా చదరపు మీటర్ల లెక్కన బిల్లు రాయడం సులువనేమో. పూడిక తీసి, షట్టర్లు బాగుచేస్తే వచ్చే లాభానికి ప్రారంభోత్సవం జరపడం కుదరదు కదా.

నాణ్యత సంగతి విడిగా చెప్పాలి. లైనింగ్‌కు వేసే కాంక్రీటు పలక బాగానే ఉన్నా అతుకుల దగ్గర నింపిన తారు ఊడిపోతే అక్కడ గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డి వేరు వెంటే నీరు దారి చేసుకుంటుంది. కాలువను ఒక్కసారిగా ఖాళీ చేస్తే వెనకనున్న ఊట ఒత్తిడికి పలక ఉబ్బి లేస్తుంది. ఆ ఒత్తిడి బయటికి పోయే రంధ్రాలు, వాల్వులు డ్రాయింగులో ఉంటాయి, పనిలో ఎన్ని పెట్టారో కాలువ ఎండినప్పుడే చూడాలి. కింది నేల ఇసుకైతే ఓ చిన్న పగులు చాలు, ఆదాలో చాలా భాగం తిరిగి నేలపాలవుతుంది. బిగువైన బంకమట్టి అయితే అంత బాధ ఉండదు, కానీ అలాంటి చోట అసలు లైనింగే అవసరం లేదు!

2002 నాటి చట్టంతో ఒడిశాలో పాణీ పంచాయతీలు, అంటే రైతుల సాగునీటి సంఘాలు, ఏర్పడ్డాయి. అందులో సభ్యులు ఆయకట్టు రైతులు. గట్టు కింద ఆయకట్టు బయట బావి ఉన్న కూరగాయల రైతుకు, ఆ బావి నుంచి కుండ నింపుకునే కూలి కుటుంబానికి అక్కడ నోరు లేదు. లైనింగ్ ప్రతిపాదన వచ్చినప్పుడైనా గ్రామసభలో ఈ ఇద్దరినీ కూర్చోబెట్టాలి. కేంద్ర భూగర్భ జల బోర్డు ఏటా నాలుగు సార్లు తన పరిశీలక బావుల మట్టాలు కొలుస్తుంది. అదే తీరున కాలువకు రెండు పక్కలా ఉన్న బావులను పనికి ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు కొలిచి ఫలితాన్ని పంచాయతీ గోడ మీద రాయడానికి అయ్యే ఖర్చు పలకల ఖర్చులో ఏ మూలకు? మట్టం పడిపోతే బావి లోతు చేయించే ఖర్చు, తోడుకునే మోటారుకు అదనంగా అయ్యే కరెంటు ఖర్చు ఆ లైనింగ్ ఎస్టిమేట్‌లోనే ఒక పద్దుగా ఉండాలి.